కాటా కెమెరాలో 21:03, గేటు కెమెరాలో 23:46. లారీ ఒకటే. ఏ టైమ్ నమ్మాలి?

మిర్చి_గోదాం
గుంటూరు దగ్గర మాకు చిన్న కోల్డ్ స్టోరేజీ ఉంది. మొన్న శనివారం రాత్రి 200 టిక్కీల (బస్తాల) మిర్చి లోడుతో ఒక లారీ వెళ్లింది. అవతల దించుకున్న పార్టీ 194 టిక్కీలే వచ్చాయని స్టేషన్‌లో కాగితం పెట్టింది. పోలీసులు ఫుటేజీ అడిగితే, మా కెమెరాలు చూసే కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో రెండు క్లిప్పులు వేసి ఇచ్చాడు. లారీ బరువు తూచే కాటా ఎక్కినప్పుడు బొమ్మ మీద 21:03 ఉంది. గేటు దాటినప్పుడు 23:46. కాటాకి గేటుకి మధ్య 200 గజాలు కూడా ఉండదు. "ఆ 2 గంటల 43 నిమిషాలు బండి ఎక్కడ పెట్టావు" అని డ్రైవర్‌ని రెండు రోజులుగా స్టేషన్‌కి తిప్పుతున్నారు.

ఆ డ్రైవర్ అబ్బాయి ఎనిమిదేళ్లుగా మాకు తెలుసు. "కాటా చీటీ చేతిలో పట్టుకుని నేరుగా బయటికి వెళ్లాను సార్, టీకి కూడా ఆగలేదు" అంటున్నాడు. నేను నమ్ముతున్నాను. కానీ కెమెరాలో ఉన్నదానికి ఏం చెప్పను?

మొత్తం 12 కెమెరాలు. 8 పాతవి, రికార్డర్ వెనకే గుచ్చినవి. 4 నెలల కిందట ఇంకో కంపెనీవి 4 కొని, విడిగా ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టి కలిపారు. గేటు, కాటా, ప్లాట్‌ఫాం, వెనక గోడ ఈ కొత్తవే. ప్లాట్‌ఫాం కెమెరా అయితే 1970 అని చూపిస్తోంది. అన్నిటికీ ఈ రాత్రే టైమ్ సరిచేసేద్దామనుకుంటున్నా. ఎక్కడ మార్చాలో చెప్పండి.

ఓరుగల్లు_కేబుల్
అన్నా, దండం పెడతా, ఇప్పుడే ఏదీ మార్చకు. ఆ తప్పు టైమే నీకున్న ఆధారం. ఏ కెమెరా ఎంత తప్పు చూపిస్తోందో ఇవాళ కొలిస్తే శనివారం లెక్క తేలుతుంది. సరిచేశాక కొలవడానికి ఏమీ ఉండదు.

ఫోన్‌లో సెకన్లతో సహా గడియారం పెట్టు. ఆ ఫోన్‌ని మానిటర్ పక్కన పట్టుకుని, ఒక్కో కెమెరా లైవ్ బొమ్మతో కలిపి ఇంకో ఫోన్‌తో ఫోటో తియ్యి. రికార్డర్ సొంత టైమ్ మెనూలో ఉంటుంది, దాన్నీ తియ్యి. అన్నీ పంపు.

పాత_డీవీఆర్
పైన చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి. కొన్ని రికార్డర్లలో ఇన్ని రోజులు దాటిన రికార్డింగ్ చెరిపెయ్యి అనే సెట్టింగ్ ఉంటుంది. తొందరలో తేదీ ముందుకి పడితే శనివారంది పాతదనుకుని చెరిపేస్తుంది. ముందు 12 కెమెరాలవీ శనివారం సాయంత్రం 5 నుంచి అర్ధరాత్రి దాకా కాపీ తీసి పక్కన పెట్టండి.

సిద్దిపేట_సీను
అంత కష్టం ఎందుకు, మేం నెలకోసారి చేత్తో టైమ్ పెట్టుకుంటాం. ఐదేళ్లుగా ఏ గొడవా లేదు.

ప్యాకెట్_ప్రసాద్
సీనూ, గొడవ రానంత కాలం ఏ పద్ధతైనా బాగానే ఉంటుంది. ఈ డ్రైవర్ సంగతి చూడు.

@మిర్చి_గోదాం, ఒక విషయం మీ కుర్రాడికీ ఎస్సై గారికీ కూడా తెలియాలి. బొమ్మ మీద రాసి ఉండే టైమ్ వేరు, రికార్డర్‌లో వెతికేటప్పుడు కింద గీత మీద జరిగే టైమ్ వేరు. బొమ్మ మీదది కెమెరా తనలోని గడియారం చూసి అచ్చు వేస్తుంది. కింద గీత రికార్డర్‌ది. ఏ కెమెరా నుంచి వచ్చినా, వచ్చిన క్షణాన తన గడియారంలో ఎంతైందో దాని కింద దాచుకుంటుంది. అంటే నీ దగ్గర ఉన్నది ఒక గడియారం కాదు, పదమూడు. క్లిప్ కాపీ చేసి ఇచ్చేసరికి కింద గీత పోయింది, బొమ్మ మీద అంకెలే మిగిలాయి.

రికార్డర్‌లో కింద గీత చూస్తూ ఆ రెండు క్లిప్పులూ మళ్లీ వెతుకు.

పాత_డీవీఆర్
పాత కోయాక్సియల్ కేబుల్ కెమెరాలకి ఈ బాధ లేదు. వాటిలో గడియారమే ఉండదు, టైమ్ మొత్తం డీవీఆర్ (పాత రకం రికార్డర్) వేసేది. తప్పయితే అన్నీ ఒకే తప్పు.

మిర్చి_గోదాం
రికార్డర్ పాస్‌వర్డ్ కుర్రాడి దగ్గరే ఉంది, వాడు రేపు పొద్దున వస్తాడు. కొలతలు తీసి పెడతా.

తెనాలి_టు_జెర్సీ
ఎదురుచూసే లోపు నా కథ. నేను న్యూజెర్సీలో ఉంటా, అమ్మానాన్న తెనాలిలో. పోయిన జూలైలో ఇంటి కెమెరా రెండు నిమిషాలు వెనకబడిందని యాప్‌లో "ఫోన్ టైమ్‌తో కలుపు" అన్న బటన్ నొక్కాను. ఫోన్ ఉన్నది అమెరికాలో కదా. కెమెరా తొమ్మిదిన్నర గంటలు వెనక్కి వెళ్లిపోయింది. రాత్రి 11 తర్వాత ఎవరైనా కదిలితే సైరన్ మోగేలా పెట్టి ఉంచా. అది పొద్దున ఎనిమిదిన్నర నుంచి మోగడం మొదలైంది. పూలమ్మాయి వస్తే సైరన్, కొరియర్ వస్తే సైరన్. రాత్రి మాత్రం నిశ్శబ్దం. అమ్మ నాలుగు రోజులు భరించి, చివరికి ఫోన్ చేసి "నాయనా, దీనికి పగలు దొంగలు కనపడుతున్నారేంట్రా" అంది. ఆ నాలుగు రాత్రులూ ఇంటికి కాపలా లేదని తెలిసి నాకు ఒళ్లు జలదరించింది. విదేశాల్లో ఉన్నవాళ్లు ఆ బటన్ జోలికి వెళ్లకండి.

కాకినాడ_కాజా
@తెనాలి_టు_జెర్సీ అదే నవంబర్ తర్వాత నొక్కి ఉంటే పదిన్నర గంటలు వెనక్కి పోయేది, మీకు అక్కడ చలికాలం గంట మారుతుంది కదా. మన దగ్గర అది లేదు. కాబట్టి కెమెరా మెనూలో డీఎస్‌టీ (వేసవిలో గంట ముందుకి జరిపేది) అని ఉంటే ఆపి ఉంచండి.

మిర్చి_గోదాం
కుర్రాడు వచ్చాడు. మంగళవారం పొద్దున ఫోన్‌లో సరిగ్గా 10:15:00 అయినప్పుడు తీసినవి:

రికార్డర్ 10:13:50. పాత 8 కెమెరాలూ అంతే, ఒకటీ రెండు సెకన్లు తేడా.
గేటు 12:45:00.
కాటా 10:08:00.
వెనక గోడ 09:45:00.
ప్లాట్‌ఫాం 1970-01-03 22:05.

ప్యాకెట్_ప్రసాద్
శభాష్. ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

గేటు రెండున్నర గంటలు ముందు, సెకను కూడా తేడా లేదు. అంటే ఆ గడియారం పాడవలేదు. ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిగ్గానే తెచ్చుకుంటోంది, దేశమే తప్పు. ఫ్యాక్టరీలో పెట్టిన చైనా టైమ్ జోన్, అంటే ప్లస్ 8 (ప్రపంచ ప్రామాణిక టైమ్ కన్నా 8 గంటలు ముందు), అలాగే ఉండిపోయింది. మనది ప్లస్ 5:30. తేడా సరిగ్గా 2:30.

వెనక గోడది సరిగ్గా అరగంట వెనక. ఇదీ జోనే. ప్లస్ 5 పెట్టారు.

కాటా 7 నిమిషాలు వెనక. ఇలా గంటల లెక్కకి, అరగంటల లెక్కకి అందని తేడా వచ్చిందంటే జోన్ తప్పు కాదు, గడియారమే మెల్లగా జారిపోయింది. 4 నెలలు అంటే 120 రోజులు, 7 నిమిషాలు అంటే 420 సెకన్లు. రోజుకి మూడున్నర సెకన్లు. చవక క్వార్ట్జ్ ముక్క గుంటూరు ఎండలో అంత జారడం మామూలే. బిగించిన రోజు చేత్తో టైమ్ పెట్టారు, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎవరినీ టైమ్ అడగలేదు.

ఇప్పుడు మీ లారీ. కాటా 21:03 కి 7 కలిపితే 21:10. గేటు 23:46 లో 2:30 తీసేస్తే 21:16. కాటా నుంచి గేటుకి 6 నిమిషాలు. డ్రైవర్ చెప్పింది నిజం.

మిర్చి_గోదాం
చదువుతుంటే కళ్లు తిరిగాయి. ఇప్పుడే రికార్డర్‌లో కింద గీత పెట్టి చూశాం. కాటా 21:09 దగ్గర, గేటు 21:15 దగ్గర వచ్చింది. రికార్డర్ 1 నిమిషం 10 సెకన్లు వెనక ఉంది కాబట్టి మీ లెక్కకి సరిపోయింది. కాటా చీటీ మీద కంప్యూటర్ వేసిన టైమ్ 21:11. బండి ఎక్కాక చీటీ రావడానికి ఒక నిమిషం.

కుర్రాడు వెనక గోడ కెమెరా గురించి ఒప్పుకున్నాడు. జోన్ లిస్టులో హైదరాబాద్ కనపడలేదట. ఇస్లామాబాద్ అని ఉంటే చివర "బాద్" చూసి దగ్గరే అనుకుని పెట్టాడట.

కాకినాడ_కాజా
చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న లైను మనది. పిల్లాడిని తిట్టకండి, ఆ లిస్టులో మన ఊర్లు ఉండవు. నిజానికి మన టైమ్ లెక్కకట్టే 82½ డిగ్రీల రేఖ కాకినాడకి, తునికి మధ్యలోనే సముద్రంలోకి దిగుతుంది. లిస్టులో పేరు ఉండాల్సింది మాదే.

ఓరుగల్లు_కేబుల్
ప్లాట్‌ఫాం సంగతి నేను చెప్తా. 1970 జనవరి 1 అంటే ఇలాంటి మిషన్లలో చాలావి లెక్క మొదలుపెట్టే సున్నా రోజు. ఆ కెమెరాలో గడియారాన్ని బతికించే బ్యాటరీ లేదు, లేదా ఉన్న చిన్న కెపాసిటర్ ఖాళీ అయింది. కరెంటు పోయి రాగానే సున్నా నుంచి మొదలవుతుంది. జోన్ మనదే ఉంటే బొమ్మ మీద పొద్దున 5:30 అని పడుతుంది.

ఇప్పుడు జనవరి 3 రాత్రి 22:05 చూపిస్తోంది. జనవరి 1 5:30 నుంచి లెక్కేస్తే 2 రోజుల 16 గంటల 35 నిమిషాలు. మంగళవారం 10:15 నుంచి అంత వెనక్కి పో. శనివారం సాయంత్రం 17:40. ఆ టైమ్‌కి కరెంటు పోయి వచ్చిందా అన్నా?

మిర్చి_గోదాం
అవును!! శనివారం సాయంత్రం గాలి వచ్చి కరెంటు పోయింది, ఓ ఇరవై నిమిషాలకి వచ్చింది. టైమ్ సరిగ్గా గుర్తులేదు కానీ ఐదున్నర దాటింది. రికార్డర్‌కి యూపీఎస్ ఉంది, అది ఆగలేదు. కొత్త స్విచ్‌కి లేదు.

ఓరుగల్లు_కేబుల్
అయితే ఆ కెమెరా బొమ్మ మీద ఉన్న టైమ్‌కి 12 గంటల 10 నిమిషాలు కలుపు, శనివారం అసలు టైమ్ వస్తుంది. లోడింగ్ ఎప్పుడు జరిగింది?

మిర్చి_గోదాం
ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య.

బెజవాడ_బ్యాటరీ
ఆ లోడింగ్ క్లిప్ మొత్తం కూర్చుని చూడండి. ఇంకో ముఖ్యమైన ప్రశ్న, ఇంతవరకు ఎవరూ అడగలేదు. కాటా చీటీలో నికర బరువు ఎంతుంది?

మిర్చి_గోదాం
8,720 కిలోలు.

బెజవాడ_బ్యాటరీ
టిక్కీ సగటు 45 వేసుకుంటే 200 కి 9,000 రావాలి. 8,720 అంటే 194 కి దగ్గర. కాటా ఎక్కేటప్పటికే బండిలో ఆరు లేవు అన్నమాట. గేటు బయట ఏం జరిగిందో వెతకడం అనవసరం.

సిద్దిపేట_సీను
టిక్కీకి టిక్కీకి బరువు తేడా ఉంటుంది కదా, 40 ఉన్నవీ ఉంటాయి. బరువు ఒక్కటే చూసి తేల్చేయకూడదు.

బెజవాడ_బ్యాటరీ
ఒప్పుకుంటా. అందుకే క్లిప్ చూడమన్నా.

వకీలు_రాజమండ్రి
చూసే ముందు ఇది వినండి. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కాపీ దానంతట అది సాక్ష్యం అయిపోదు. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం 65బీ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది. దాని కింద ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో రెండు భాగాలు. ఒకటి ఆ మిషన్ మీ చేతిలో ఉన్నందుకు మీరు సంతకం చేసేది, రెండోది నిపుణుడు చేసేది. ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. మీరు తీసిన ఆ తేడాల ఫోటోలు, ఏ కెమెరా ఎంత ముందు ఎంత వెనక అన్న వివరం, ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఎస్సై గారికి ఈరోజే ఇవ్వండి. దాచి సరిచేశారని రేపు ఎవరైనా అంటే మీకే ఇబ్బంది. తప్పు టైమ్ ఉన్నా పరవాలేదు, ఎంత తప్పో ముందే చెప్పినవాడి మాటకి విలువ ఉంటుంది.

సిద్దిపేట_సీను
అయితే కెమెరాల బొమ్మ మీద టైమ్ పూర్తిగా తీసేస్తే పోదా? రికార్డర్ టైమ్ ఒక్కటే మిగులుతుంది, గొడవ ఉండదు.

వకీలు_రాజమండ్రి
వద్దండి. కాపీ చేతులు మారాక బొమ్మ మీద అంకెలు ఒక్కటే దాని వెంట ఉంటాయి. తీసేయడం కాదు, సరిగ్గా ఉంచాలి.

మిర్చి_గోదాం
లోడింగ్ క్లిప్ చూశాం. బొమ్మ మీద 08:40, అంటే అసలు టైమ్ 20:50. హమాలీలు లైను కట్టి మోస్తున్నారు. ఒకతను స్తంభం పక్కన టిక్కీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్నాడు. మూడు మూడు రెండు వరసలు, మొత్తం ఆరు. అప్పుడే వాన చినుకులు పడితే అందరూ బండి మీద టార్పాలిన్ కప్పడానికి పరిగెత్తారు. వానలో లెక్క రాసే అతను ఆ ఆరుకీ గీతలు గీసేశాడు. వాన తగ్గాక ఎవరో వాటిని పక్క లాటుతో కలిపి లోపల ఛాంబర్‌లో పెట్టారు. ఇప్పుడే లోపలికి వెళ్లి చూశాం. మార్కు చూస్తే అవే. ఆరూ ఉన్నాయి.

క్లిప్పులు, తేడాల కాగితం, చీటీ అన్నీ పట్టుకుని స్టేషన్‌కి వెళ్తున్నా.

ఓరుగల్లు_కేబుల్
వెళ్లు అన్నా, ముందు ఆ అబ్బాయిని ఇంటికి పంపించు.

తెనాలి_టు_జెర్సీ
ఇక్కడ రాత్రి ఒంటిగంట. ఈ చర్చ కోసమే మేలుకుని ఉన్నా.

మిర్చి_గోదాం
ఎస్సై గారు ఫోటోలు ఒక్కొక్కటీ చూశారు. కాటా, గేటు లెక్క తెల్లకాగితం మీద ఆయనే మళ్లీ వేసుకుని చూసి "మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా" అన్నారు. డ్రైవర్ ఇంటికి వెళ్లిపోయాడు. పార్టీకి ఆరు టిక్కీలూ రేపు పంపుతున్నాం. ఇప్పుడు చెప్పండి, ఇది మళ్లీ జరగకుండా ఏం చెయ్యాలి?

సిద్దిపేట_సీను
ఆ నాలుగూ తీసేసి రికార్డర్ కంపెనీవే కొనండి, అవే కలిసిపోతాయి.

ప్యాకెట్_ప్రసాద్
డబ్బు తగలేయక్కర్లేదు. పాత 8 ఎందుకు సరిగ్గా ఉన్నాయంటే, వాటికి రికార్డరే టైమ్ నేర్పిస్తోంది. రికార్డర్ వెనక గుచ్చిన కెమెరాలు దాని లోపలి నెట్‌వర్క్‌లో ఉంటాయి, మామూలుగా బయట ఇంటర్నెట్ వాటికి కనపడదు. వేరే కంపెనీవి ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి) మీద కలిపితే చాలా రికార్డర్లు టైమ్ పంపవు. ఆ నాలుగూ సొంతంగా తెచ్చుకోవాలి.

ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే పద్ధతి పేరు ఎన్‌టీపీ. కాటా కెమెరా వెబ్ పేజీ తెరిచి నెట్‌వర్క్ సెట్టింగ్‌లో గేట్‌వే (బయటి ఇంటర్నెట్‌కి దారి), డీఎన్ఎస్ (సర్వర్ పేరుకి నంబర్ చెప్పేది) ఏమున్నాయో చదివి చెప్పు.

మిర్చి_గోదాం
గేట్‌వే 192.168.0.1. డీఎన్ఎస్ ఖాళీ. మా రౌటర్ 192.168.1.1.

ప్యాకెట్_ప్రసాద్
దొరికింది. బయటికి వెళ్లే దారి లేని ఇంటి నంబర్ ఇచ్చారు దానికి. లోపల రికార్డర్‌కి బొమ్మ పంపడానికి గేట్‌వే అక్కర్లేదు, అందుకే 4 నెలలు ఎవరికీ అనుమానం రాలేదు. ప్లాట్‌ఫాం కూడా ఇంతే అయి ఉంటుంది. గేట్‌వే సరిచేసి, డీఎన్ఎస్ దగ్గర రౌటర్ నంబరే వెయ్యి. ఎన్‌టీపీ సర్వర్ ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఓఆర్‌జీ పెట్టొచ్చు. లేదా ఢిల్లీలో మన దేశపు టైమ్ నిలబెట్టే నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ వాళ్లది, టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ. జోన్ 5:30.

పాత_డీవీఆర్
కంపెనీలు తమ సిస్టమ్‌ల టైమ్‌ని ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా ఆ ఫిజికల్ ల్యాబొరేటరీ (ఎన్‌పీఎల్) సర్వర్లతో, లేదా వాటితో సరిపోయే వాటితో కలపాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్రంలో సైబర్ భద్రత చూసే సంస్థ) ఆదేశమే ఇచ్చింది. చాలామంది ఆఫీసు సర్వర్లకి చేసి కెమెరాల్ని మరిచిపోతారు.

సిద్దిపేట_సీను
నిమిషానికోసారి కలిసేలా పెడితే ఇంకా బాగుంటుందా?

ప్యాకెట్_ప్రసాద్
వద్దు. రోజుకి మూడున్నర సెకన్లు జారేదానికి గంటకోసారి చాలు. పది మంది వాడుకునే సర్వర్‌ని నిమిషానికోసారి తలుపు తట్టడం మర్యాద కాదు.

అసలు అన్నిటికన్నా మంచి దారి, లోపలే ఒక గడియారం పెట్టుకోవడం. మైక్రోటిక్ కంపెనీ రౌటర్ ఉంటే అదే ఎన్‌టీపీ సర్వర్‌గా పనిచేస్తుంది, దాని సాఫ్ట్‌వేర్ ఏడో వెర్షన్‌లో విడిగా ఏదీ ఎక్కించక్కర్లేదు. లేదంటే ఒక రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దాంట్లో క్రోనీ అనే టైమ్ పంచే ప్రోగ్రామ్. కెమెరాలు, రికార్డర్, కాటా కంప్యూటర్ అన్నీ దాన్నే అడగాలి. ఇంటర్నెట్ రెండు రోజులు పోయినా అన్నీ ఒకే మాట మీద ఉంటాయి. రాస్‌ప్‌బెర్రీ పై నాలుగో మోడల్‌లో కరెంటు పోయినా నడిచే సొంత గడియారం ఉండదు, డీఎస్3231 అనే చిన్న ముక్క తగిలించాలి. దానికి నాణెం బ్యాటరీ ఉంటుంది.

సిద్దిపేట_సీను
నాకూ ఒకటి గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం మా షాపులో ఒక కెమెరా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రికార్డర్‌లో "పాస్‌వర్డ్ తప్పు" అనేది. ఐదుసార్లు మార్చాను, చివరికి లాక్ అయిపోయింది. ఇదేనా కారణం?

ప్యాకెట్_ప్రసాద్
అదే. ఆన్‌విఫ్‌లో పాస్‌వర్డ్‌తో పాటు పంపిన టైమ్ కూడా కలిపి ముద్ర వేస్తారు, ఎవరో పాత ముద్ర దొంగిలించి వాడకుండా. కెమెరా 1970లో ఉంటే రికార్డర్ పంపింది దానికి లెక్కకి అందదు, తప్పు అంటుంది. కెమెరా వెబ్ పేజీలోకి నేరుగా వెళ్లి టైమ్ పెడితే అదే పాస్‌వర్డ్ పనిచేస్తుంది.

సిద్దిపేట_సీను
ఐదు పాస్‌వర్డ్‌లు రాసిన చీటీ ఇంకా గోడకే ఉంది. ఇవాళే షాపులో ఎన్‌టీపీ పెడతా. నెలకోసారి చేత్తో పెట్టడం ఇక మానేస్తా.

బెజవాడ_బ్యాటరీ
రికార్డర్ మూత విప్పినప్పుడు లోపలి నాణెం బ్యాటరీ కూడా మార్చండి, చాలావాటికి సీఆర్2032. కరెంటు పోయి రాగానే తేదీ 2000కి పోతోందంటే అది అయిపోయినట్టే.

మిర్చి_గోదాం
ఆదివారం అంతా ఇదే పని. కాటా, ప్లాట్‌ఫాం కెమెరాలకి గేట్‌వే మార్చాం, గేటు, వెనక గోడ కెమెరాలకి జోన్లు మార్చాం, రాస్‌ప్‌బెర్రీ పై కొని పెట్టాం. కాటా కంప్యూటర్ కూడా దాన్నే అడుగుతోంది. ఫోన్ పట్టుకుని మళ్లీ అవే ఫోటోలు తీశాను. పన్నెండు కెమెరాలు, రికార్డర్, అన్నిటిలో 18:20:00. ప్లాట్‌ఫాం కెమెరా వైరు పీకి మళ్లీ గుచ్చాను. 1970 అని వచ్చి, అర నిమిషంలో ఈ రోజు తేదీకి వచ్చేసింది. ఆ డ్రైవర్ పక్కనే నిలబడి చూశాడు. బుధవారం లోడుకి అతనే వస్తున్నాడు.

ఓరుగల్లు_కేబుల్
ఆ కొత్త స్విచ్‌ని యూపీఎస్ మీదికి మార్చావా అన్నా?

మిర్చి_గోదాం
వైరు చాలలేదు. రేపు పొద్దున కొనుక్కొచ్చి మారుస్తా, ఫోటో పెడతా.